భారత ఫుట్‌బాల్‌కు గట్టు కట్టిన రహీం మాస్టారు

మన కృష్ణా డెల్టా పల్లెల్లో ఆటలంటే చెడుగుడు, వాలీబాల్, బాల్ బాడ్మింటన్. పండుగ వచ్చిందంటే ఎడ్ల బండ లాగుడు పోటీలు సరేసరి. ఫుట్‌బాల్ మాత్రం హైస్కూలు మైదానం దాటి ఊళ్ళోకి అంతగా రాలేదు. కోతలైన వరి చేలో కుర్రకారు బంతిని తన్నుకుంటూ పరుగెత్తడం తప్పితే, ఆ ఆటలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎందుకు నిలబడాలో చెప్పేవారు మన వైపు తక్కువ. అందుకేనేమో, సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇక్కడ చాలామందికి తెలియదు. 2024లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక కొందరు చదువుకున్న కుర్రవాళ్ళ నోట ఆ పేరు వినిపించింది. సినిమా సినిమాయే. అందులో కల్పన ఉంటుంది. అసలు మనిషి కథ కల్పన లేకుండానే వినదగినది.

రహీం మన జిల్లావారు కారు, హైదరాబాదు వారు. అయినా ఆయన కథ మనకు దూరం కాదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, హైదరాబాదు మనకూ రాజధాని అయింది. అదే నెల 22వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. బెజవాడలో కృష్ణపై కొత్త బ్యారేజి పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. కొత్త రాష్ట్రానికి నెల దాటీ దాటగానే, ఆ రాజధాని నగరపు బడిపంతులు ఒకాయన తయారు చేసిన జట్టు ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొట్టమొదటి ఆసియా దేశం మనదే. ఇది ఆనాడు మన పల్లెల్లో ఎంతమంది చెవిన పడిందో చెప్పలేము.

బడిలో మొదలు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. చదువుకునే రోజుల్లోనే మంచి ఆటగాడని పేరు. ఎలెవెన్ హంటర్స్ అనే జట్టుకు, ఆ తరువాత కమర్ క్లబ్బుకు ఆడారు. చదువు పూర్తయ్యాక ఆయన ఎన్నుకున్న వృత్తి ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇలా ఒక బడి తరువాత ఒక బడిలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని, చివరి రెండు బడుల్లోనూ ఆటల బాధ్యత తానే చూశారు.

మన హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారంటే ఎలాంటి చూపు ఉంటుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. లెక్కల మాస్టారికి ఉన్న గౌరవం ఆయనకు ఉండదు. పీరియడు ఖాళీ అయితే పిల్లల్ని బయటికి తోలుకుపోవడానికీ, ఆగస్టు పదిహేనున వరసలో నిలబెట్టడానికీ పనికివచ్చే మనిషిగానే ఊరు ఆయన్ని చూస్తుంది. రహీం ఆ చూపును మార్చారు. బి.ఏ. చదివిన వాడు పాఠం తయారు చేసుకున్నట్టే, ఆయన ఆటను కూడా ముందుగా ఆలోచించుకుని, విడగొట్టుకుని, మైదానంలోకి వచ్చి నేర్పేవారు. బంతిని తన్నడం ఒక ఎత్తు, బంతి లేనప్పుడు ఏం చెయ్యాలో తెలియడం మరో ఎత్తు అని ఆయన పద్ధతి.

1940వ దశకం మొదట్లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అప్పటినుంచి చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. సంఘం కార్యదర్శులు చాలామంది చేసే పని టోర్నమెంటుకు బ్యానరు కట్టించి, చివరి రోజు కప్పు పక్కన ఫొటో దిగడం. రహీం చేసింది వేరు. కుర్రవాళ్ళ కోసం చిత్రమైన పోటీలు పెట్టారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే బంతిని తన్నాలి. మరో పోటీలో బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఒక్కడే తీసుకుపోవడం నిషేధం. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో ఫలానా ఎత్తుకు మించినవాళ్ళకు చోటు లేదు. పొట్టివాళ్ళకు కూడా ఆట దక్కాలని. చూసినవాళ్ళు నవ్వుకుని ఉంటారు. కాని రెండు కాళ్ళూ సమంగా వాడగల ఆటగాళ్ళు, బంతిని పట్టుకు వేలాడకుండా ఇచ్చి పుచ్చుకునే ఆటగాళ్ళు హైదరాబాదు గల్లీల్లోంచి పుట్టుకొచ్చింది ఈ పోటీల నుంచే.

పోలీసు జట్టు

ఆయన చేతిలో పడిన పెద్ద జట్టు హైదరాబాదు సిటీ పోలీసు. ఆట వచ్చిన కుర్రవాళ్ళకు పోలీసు శాఖ ఉద్యోగాలిచ్చింది. నెల జీతం గ్యారంటీ అయితే, ఇంట్లోవాళ్ళు కూడా కుర్రవాడిని మైదానానికి పోనిస్తారు. ఆనాటి ఆటగాళ్ళకు ఇప్పటి క్లబ్బుల మాదిరి లక్షలూ కోట్లూ లేవు. కానిస్టేబుల్ ఉద్యోగమే వారికి వృత్తి, ఆటే వారి డ్యూటీ.

1948లో నిజాం సంస్థానం పరిస్థితి ఎలా ఉండేదో మన సరిహద్దు ఊళ్ళ పెద్దలకు తెలుసు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎంతోమంది ఆవలి నుంచి బెజవాడకూ, చుట్టుపక్కల ఊళ్ళకూ వచ్చి తలదాచుకున్నారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే, రెండేళ్ళు తిరిగేసరికి, అదే నగరం నుంచి అన్ని మతాలవాళ్ళూ కలిసిన ఒక జట్టు బొంబాయి, ఢిల్లీ వెళ్ళి కప్పులు పట్టుకురావడం చిన్న సంగతి కాదు. దాని గురించి చరిత్ర పుస్తకాలు ఎక్కువగా రాయలేదు.

1950లో సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో మళ్ళీ గెలిచింది. 1952, 1953, 1954 - వరసగా అయిదేళ్ళు ఆ కప్పు హైదరాబాదుకే వచ్చింది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును 1950లో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి గెలిచారు. తరువాత 1954లోనూ, 1957లోనూ గెలిచారు. 1961లో అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే కొత్త పేరుతో మరోసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, ఆ మరుసటి ఏడు కూడా హైదరాబాదు రాష్ట్ర జట్టు సాధించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తావాళ్ళ సొత్తు అనుకునే కాలంలో, కలకత్తా క్లబ్బులు హైదరాబాదు జట్టు వస్తోందంటే జాగ్రత్తపడవలసి వచ్చింది. ఆటగాళ్ళను డబ్బిచ్చి తమ వైపు లాక్కోవడం కూడా ఆ జాగ్రత్తలో భాగమే.

వెనక నిలబడేవాడు

ఇక్కడ ఆట గురించి ఒక మాట చెప్పుకోవాలి. చెడుగుడులో కూతకు వెళ్ళి ముగ్గుర్ని తాకి వచ్చినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటారు. వచ్చినవాడి కాలు పట్టి కదలకుండా ఆపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. గోలు కొట్టినవాడు భుజాల మీద ఊరేగుతాడు. వెనక నిలబడి పది గోళ్ళు పడకుండా కాపాడిన బ్యాక్ ఆటగాడు మట్టి దులుపుకుని ఇంటికి పోతాడు. రహీం మాస్టారు తన జట్లను కట్టింది మాత్రం ఆ వెనకవాడి నుంచే.

అప్పటికి మన దేశంలో వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం గోలీ ముందు ఇద్దరే బ్యాకులు. వారి ముందు ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఆ ముందు అయిదుగురు ఫార్వర్డులు. అంటే సగం జట్టు దాడికే పోతుంది. ఎదుటి జట్టు కూడా అలాగే ఆడితే ఫర్వాలేదు. కాని యూరపు వాళ్ళు ఆ పద్ధతిని ఎప్పుడో వదిలేశారు. మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల నడుమ మూడో బ్యాక్‌గా నిలబెట్టారు. కాలువ గట్టుకు బలహీనమైన చోటు ఎక్కడుందో అక్కడ ముందుగానే మట్టి పోసి ఉంచడం లాంటిది అది. గండి పడ్డాక బస్తాలు వేసి లాభం లేదని డెల్టా రైతుకు వేరే చెప్పాలా?

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు రహీం. కెప్టెన్ కలకత్తాకు చెందిన శైలేన్ మన్నా, ఆయన ఫుల్ బ్యాక్. ఫైనల్లో మనవాళ్ళు ఇరాన్‌ను ఒక్క గోలు తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచారు. గోలు కొట్టింది మేవాలాల్. ప్రధాని నెహ్రూ స్వయంగా ఆట చూశారు. ఆ క్రీడల్లోనే మన గండిగుంట బిడ్డ, ఆంధ్ర భీముడు దండమూడి రాజగోపాలరావు బరువులెత్తే పోటీలో దేశం తరఫున పాల్గొన్నారు. నర్తనశాల సినిమాలో భీముడంటే పాఠకులకు వెంటనే గుర్తుకు వస్తారు. బెజవాడ ఇండోర్ స్టేడియంకు ఆయన పేరే పెట్టారు.

హెల్సింకిలో పది గోళ్ళు

ఆ మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు. జూలై 15న మన జట్టు యుగోస్లావియాతో ఆడింది. పది గోళ్ళు పడ్డాయి. చివర్లో అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోలే మనకు దక్కింది. పదికి ఒకటి.

మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా, వట్టి కాళ్ళతో ఆడారు. ఎండాకాలంలో మన దేశంలో పొడి నేల మీద వట్టికాళ్ళ ఆట చక్కగా సాగుతుంది. బంతి మీద అదుపు ఎక్కువ. నాలుగేళ్ళ ముందు 1948లో లండను ఒలింపిక్స్‌లో మన జట్టు వట్టికాళ్ళతోనే ఫ్రాన్సుకు చెమటలు పట్టించింది. రెండు పెనాల్టీలు పోగొట్టుకోకపోతే ఆ మ్యాచ్ మనదే అయ్యేదేమో. అది చూసి ఇంగ్లండు పత్రికలు ముచ్చటపడ్డాయి. మనవాళ్ళూ దాన్నే గొప్ప అనుకున్నారు. కాని చలి దేశంలో, తడి గడ్డి మీద, ఇనుప మేకుల్లాంటి బిళ్ళలున్న బూట్ల ఎదుట వట్టి కాలు ఎంతసేపు నిలుస్తుంది?

ఓటమికి కారణం బూట్లే అని చాలామంది తేల్చేశారు. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అది మంచిదే. అయితే ఈ రచయితకు తోచేదేమంటే, బూట్లు సగం కారణం మాత్రమే. ఇద్దరు బ్యాకులతో యూరపు జట్టును ఆపబోవడం మిగతా సగం. ఆ సంగతి రహీంకు అర్థమైనంతగా మరెవరికీ అర్థమైనట్టు కనిపించదు. ఓడిపోయిన పంతులు సాకు వెతుక్కోలేదు, పాఠం మార్చుకున్నారు. మూడో బ్యాక్‌ను పెట్టారు. ఆటగాళ్ళ పరుగు మీద, దమ్ము మీద పని చేయించారు. ఆ తరువాత కొన్నేళ్ళకు నలుగురు బ్యాకులు, ఇద్దరు హాఫులు, నలుగురు ఫార్వర్డుల పద్ధతిని మన దేశానికి తెచ్చారు. 1958లో బ్రెజిల్ జట్టు ప్రపంచ కప్పు గెలిచి ఈ పద్ధతిని లోకమంతా చాటింది.

మెల్‌బోర్న్

1956 మెల్‌బోర్న్ జట్టుకు మళ్ళీ ఆయనే శిక్షకుడు. కెప్టెన్ సమర్ బెనర్జీ, అందరూ బద్రూ అని పిలిచేవారు. బ్యాక్ అజీజ్, హాఫ్ బ్యాకులు నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, ఫార్వర్డులు జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం - ఇంతమంది హైదరాబాదు వాళ్ళు జట్టులో ఉన్నారు. గోలీ పీటర్ తంగరాజ్ పుట్టింది కూడా హైదరాబాదులోనే.

మొదటి పోటీ హంగరీతో ఉండగా, ఆ దేశం మీదికి రష్యా సేనలు వచ్చిపడిన గందరగోళంలో హంగరీ జట్టు రాలేదు. డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో ఆట. మనవాళ్ళు నాలుగు గోళ్ళు కొట్టి, రెండు ఇచ్చారు. అందులో మూడు బొంబాయి కుర్రవాడు నెవిల్ డిసౌజా కొట్టినవి. ఒలింపిక్స్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు గోళ్ళు కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు ఆయనే.

సెమీఫైనల్లో ఎదురుపడింది ఎవరు? హెల్సింకిలో పది గోళ్ళు కొట్టిన ఆ యుగోస్లావియానే. మధ్యలో నాలుగేళ్ళు గడిచాయి. ఈసారి సగం ఆట అయ్యేదాకా ఎవరికీ గోలు లేదు. విరామం తరువాత డిసౌజా గోలు కొట్టి మనల్ని ముందుకు తీసుకుపోయారు. కొద్ది నిమిషాల పాటు భారత జట్టు ఒలింపిక్ ఫైనల్ గుమ్మంలో నిలబడింది. తరువాత యుగోస్లావియా వాళ్ళు తేరుకుని నాలుగు కొట్టారు. కంచు పతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో మూడు గోళ్ళతో ఓడాం. నాలుగో స్థానం. ఓటమి ఓటమే గాని, పదికి ఒకటి ఎక్కడ, నాలుగుకు ఒకటి, అదీ ముందు గోలు మనదై ఉండగా, ఎక్కడ?

సైకిలు అద్దె

ఇంత ఆట చెప్పాక మనిషి గురించి కూడా చెప్పాలి. బలరాం సికింద్రాబాదు వైపు పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. బూట్లు కొనే స్థోమతు లేక, పోలీసువాళ్ళు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడాడు. రహీం కంటపడ్డాడు. శిక్షణకు రమ్మన్నారు. ఇంటి నుంచి మైదానం చాలా దూరం. రోజూ రావడానికి డబ్బు లేదు. రహీం తన జేబులోంచి సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించుకున్నారని బలరాం పెద్దవాడయ్యాక చెప్పుకునేవారు. రహీం అప్పటికి గొప్ప జీతగాడేమీ కాదు, బడిపంతులు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే ఇరవై ఏళ్ళ వయసులో మెల్‌బోర్న్ వెళ్ళాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టింది కూడా ఆ బలరామే. ఆ రోమ్ జట్టుకు కెప్టెన్ పి.కె. బెనర్జీ, శిక్షకుడు మళ్ళీ రహీమే. హంగరీతో రెండుకు ఒకటిగా ఓడారు. ఫ్రాన్సుతో ఒకటికి ఒకటి, అదీ ఆట ముగియబోతుండగా వాళ్ళు సమం చేశారు. పెరూతో మూడుకు ఒకటిగా ఓడారు. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. మూడు మ్యాచ్‌లలో ఒక్కదానిలోనూ ఆయన ఆడలేదు. తండ్రి శిక్షకుడిగా ఉన్నాడు కదా అని కొడుకుకు చోటు దొరకలేదు. మన ఊళ్ళలో పంచాయితీ కాంట్రాక్టులు ఎవరి బంధువులకు పోతాయో చూసిన పాఠకులకు ఈ సంగతి విలువ తెలుస్తుంది. ఆ ఒలింపిక్స్ తరువాత భారత జట్టు మళ్ళీ ఏ ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలకూ అర్హత పొందలేదు.

జకార్తా

1962 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇండొనేషియా రాజధాని జకార్తాలో నాలుగో ఆసియా క్రీడలు. కెప్టెన్ చునీ గోస్వామి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళతో ఓడారు. తరువాత థాయిలాండు మీద నాలుగుకు ఒకటిగా గెలిచారు గాని, ఆ గెలుపు ఖరీదైనది. వెనక కోటగోడలా నిలబడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి, ఆరు కుట్లు పడ్డాయి. గోలీ తంగరాజ్‌కు జ్వరం. జపానును రెండు గోళ్ళతో ఓడించి సెమీఫైనల్ చేరారు.

జర్నైల్ సింగ్ పంజాబీ. దేశ విభజన నాటికి పదకొండేళ్ళ పిల్లవాడు. ప్రాణాలతో సరిహద్దు దాటి వచ్చిన కుటుంబం. కలకత్తా మోహన్ బగాన్‌లో చేరి, ఆసియాలోనే పేరున్న డిఫెండర్ అయ్యాడు. తలకు కట్టు కట్టుకున్నవాడిని వెనక నిలబెడితే ప్రతి బంతికీ తల వెయ్యాలి, అది ప్రమాదం. అలాగని అటువంటి మనిషిని బయట కూర్చోబెడితే జట్టుకు నష్టం. రహీం చేసిన పని విని ఆనాడు ముక్కున వేలేసుకున్నవాళ్ళున్నారు. బ్యాక్‌గా ఆడేవాడిని తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. వెనక అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ ఉండనే ఉన్నారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మూడుకు రెండుగా గెలిచారు. అందులో రెండు గోళ్ళు చునీవి, ఒకటి తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ది.

ఫైనల్ సెప్టెంబరు 4న. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియా. కాని ఆనాడు ప్రత్యర్థి వాళ్ళొక్కరే కాదు. ఇండొనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను దేశంలోకి రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన దేశపు ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పారు. దాంతో జకార్తా జనం భారతీయుల మీద మండిపడ్డారు. గుంపులు మన రాయబార కార్యాలయం మీద దాడి చేశాయి. ఆటగాళ్ళకు ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. అయినా బయట తిరగాలంటేనే భయపడవలసిన స్థితి. ఫైనల్ రోజు స్టేడియంలో సుమారు లక్షమంది జనం, అందరూ మనకు ఎదురు. మన జాతీయ గీతం వినిపిస్తుండగానే గోల చేశారు.

ముందు రాత్రి రహీం ఆటగాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు రేపు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమేనని అడిగారని ఆ జట్టువాళ్ళు తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. కోపిష్టి గురువు, క్రమశిక్షణ తప్పితే సహించని మనిషి, అలా అడిగేసరికి వాళ్ళకు నోట మాట రాలేదట.

మ్యాచ్‌కు తంగరాజ్‌ను మళ్ళీ గోలు దగ్గర నిలబెట్టారు. అంతవరకూ బాగా ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన పెట్టడం సాహసమే. కొరియావాళ్ళు ఎత్తు బంతుల ఆట ఆడతారు, ఆరడుగులు దాటిన తంగరాజ్ చేతులు అక్కడికి అందుతాయి అన్నది లెక్క. ఆట మొదలైన పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ రెండో గోలు. మిగతా డెబ్బై నిమిషాలు ఏమిటంటే, గట్టు కాయడమే. కాలువకు వరద వచ్చిన రాత్రి గట్టు మీద లాంతర్లు పట్టుకుని తిరిగిన రైతులకు ఆ డెబ్బై నిమిషాలు ఎలాంటివో తెలుస్తుంది. చివర్లో కొరియా ఒక గోలు కొట్టింది. అంతకు మించి సాధ్యపడలేదు. రెండుకు ఒకటి. బంగారు పతకం మనది.

ఆ రోజు మైదానంలో హైదరాబాదు బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. వాళ్ళిద్దరూ ఆడిన ఆట గోళ్ళ పట్టికలో కనపడదు. పి.కె., చునీ, బలరాం ముగ్గురినీ కలిపి త్రిమూర్తులని కలకత్తావాళ్ళు పిలుచుకునేవారు.

తొమ్మిది నెలలు

జకార్తా నుంచి తిరిగి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. ఊపిరితిత్తుల కాన్సరు. ఆయనకు సిగరెట్లు విపరీతంగా తాగే అలవాటు ఉండేది. ఆటగాళ్ళ ఊపిరి గురించి, వాళ్ళ దమ్ము గురించి అంత శ్రద్ధ పెట్టిన మనిషి తన ఊపిరి సంగతి చూసుకోలేదు. వయసు 53 సంవత్సరాలు. పదవీ విరమణ వయసు కూడా రాలేదు.

ఆయన బతికి ఉండగా ప్రభుత్వం పెద్ద బిరుదులేమీ ఇవ్వలేదు. ఆటల గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని మొదలు కాలేదు. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు. ఆయన శిష్యులకు మాత్రం అర్జున, పద్మశ్రీ వంటివి వచ్చాయి. గురువుకంటే శిష్యుడికి ముందు పేరు రావడం మన దేశంలో కొత్త కాదు.

1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్పులో మన జట్టు రెండో స్థానం పొందింది. ఆయన తయారు చేసిన ఆటగాళ్ళే అందులో ఎక్కువమంది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు డిఫెండరే. అంతటితో సరి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు పతకమే రాలేదు. హైదరాబాదులో కూడా ఆట వెనకబడింది. ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి, మైదానాలు ఒక్కొక్కటే భవనాలయ్యాయి, పోలీసు జట్టు పేరు కప్పుల పట్టికల్లో కనిపించకుండా పోయింది. కార్యదర్శి కుర్చీలో మరొకరు కూర్చున్నారు గాని, ఎడమకాలి పోటీలు పెట్టినవారు లేరు.

కొడుకు హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు. అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు పి.కె. బెనర్జీతో కలిసి శిక్షణ నిచ్చారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో గుల్బర్గాలో మరణించారు. అంతకుముందు ఏడాదే, 2020లో, పి.కె. బెనర్జీ మార్చిలోనూ, చునీ గోస్వామి ఏప్రిల్‌లోనూ పోయారు. సైకిలు అద్దె పుచ్చుకుని ఆట నేర్చుకున్న బలరాం 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. మైదాన్ సినిమా హాళ్ళకు వచ్చింది 2024 ఏప్రిల్‌లో.